అంచు గుంటల్లో నీళ్ళు

బొట్టు పడితే పోయినట్టు. మా ల్యాబు గదిలో రోజుకు నాలుగైదుసార్లు వినిపించే మాట ఇది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరు పోయారో అని ఉలిక్కిపడతారు. పోయేది ఒక ప్రొటీన్, అంతే. అయినా ఆ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది.

కోళ్ళకూ బాతులకూ వచ్చే ఫ్లూ వైరస్‌కు ఒంటి నిండా ముళ్ళలాంటివి ఉంటాయి. ఒక్కో ముల్లూ ఒక ప్రొటీన్, అంటే పొడవాటి పూసల దారం తనను తానే చుట్టుకుని ముడిపడినట్టు. ఆ ముళ్ళతోనే వైరస్ పక్షి ఒంట్లోని కణాలను పట్టుకుంటుంది. మేం టీకాలో పెట్టేది ఒట్టి ముల్లునే, వైరస్‌ను కాదు. ముడి చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ కోడి ఒళ్ళు దాన్ని చూసి, రేపు అసలు దొంగ వస్తే ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటుంది. వేడికి ముడి వీడిపోయిందా, ఇక ఆ సీసాలో ఉన్నది టీకా కాదు, తెల్లటి నీళ్ళు.

వీడిందో లేదో కంటితో చూడలేం. అందుకే అరచేయంత ప్లాస్టిక్ పలకలో, తొంభై ఆరు గుంటల్లో ముళ్ళు పోసి, వేడిపెట్టెలో అరగంట ఉంచి, ఆ తర్వాత కోడి ఎర్రకణాలు కలుపుతాం. ముల్లు బతికి ఉంటే కణాలను పట్టి అల్లేస్తుంది, గుంటంతా పల్చటి ఎర్ర పొర పరుచుకుంటుంది. చచ్చిపోతే పట్టుకునే దిక్కులేక కణాలన్నీ అడుగుకు జారి బొట్టులా కూర్చుంటాయి. మూడేళ్ళుగా నేను బొట్లు లెక్కపెడుతున్నాను. కలలో కూడా అవే.

ఎందుకీ తంటా అంటే, దారంలో ఒక్క పూస మారినా ముడి బిగువు మారిపోతుంది. వైరస్ ఆ పని తనంతట తానే చేసుకుంటూ ఉంటుంది, మన టీకా గుర్తుపట్టకుండా మొహం మార్చుకోవడానికి. మార్చుకున్నప్పుడల్లా లోపల ఎక్కడో కాస్త వదులవుతుంది. మార్పుల్లో చాలావరకు ముల్లును చెడగొడతాయి, కొన్ని ఏమీ చేయవు, ఎప్పుడో నూటికో కోటికో ఒకటి గట్టిపరుస్తుంది. అలాంటిది మా టీకాకు దొరికితే ఐసు అక్కర్లేకుండా మోసుకెళ్ళొచ్చు. దానికోసం నలభై ఏడు మార్పులు చేశాం. నలభై ఆరింటికి బొట్టు పడింది.

నలభై ఏడోదానికి పడలేదు. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ గుంటలో ఎర్ర పొర నిలిచే ఉంది. మా పెద్దాయన, అంటే మా విభాగం పెద్ద, మామూలుగా నవ్వడు. ఆ రోజు పలకను కిటికీ వెలుగుకు పట్టి, "ఇది గట్టిపిండమే!" అన్నాడు. అప్పట్నుంచీ దాని పేరు గట్టిపిండం. దాని పక్క గుంటల్లో ఉన్న నలభై ఆరూ, పై వరసలో దాని నెత్తిన కూర్చున్న నలభై ఒకటీ కూడా కాస్త మెరుగ్గా కనిపించాయి. "పువ్వుతో పాటు నారకూ వాసన" అని నేనే జోకు వేశాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

గది వేడిలో నెలరోజులు నిలవుంచి చూసే పరీక్ష ఇంకా సగంలోనే ఉంది. పైవాళ్ళు ఆగలేదు. బాతుల్లో జబ్బు మొదలైంది, సీజను దాటిపోతుంది, వచ్చే సోమవారమే కొన్ని కోళ్ళఫారాల్లో వేసి చూద్దాం అన్నారు. ఐసు లేకుండా రెండు వందల సీసాలు. వాటిని మోసేది, వేసేది మా అక్క.

అక్క పని కోళ్ళకు టీకాలు వేయడం. పద్దెనిమిదేళ్ళుగా ఐసుపెట్టె భుజానికి తగిలించుకుని ఫారం నుంచి ఫారానికి తిరుగుతుంది. బావ పోయాక నా దగ్గరికే వచ్చేసింది. పోయిన ఏడాది దాని కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవదు, జడ కూడా నేనే వేయాలి. రోజూ సాయంత్రం అరగంట వేడి కాపడం పెట్టాలని, పెట్టెడు బరువు మోయకూడదని డాక్టరు చెప్పాడు. కాపడం సంగతి నేను చూసుకున్నాను. బరువు సంగతి ఎవరూ చూడలేదు.

అందుకే గట్టిపిండం వార్త విన్నరోజు అక్క చేసిన మొదటి పని ఐసుపెట్టె పట్టీని కత్తెరతో కత్తిరించడం. పెట్టెలో ఉల్లిపాయలు పోసింది. ఆ పట్టీతో ఒక గుడ్డసంచి కుట్టించుకుంది, లోపల సీసాలకు చిన్న చిన్న అరలతో. ఇరుగుపొరుగుకు చూపించింది. ఫారాల వాళ్ళకు ఫోన్లు చేసి మరీ చెప్పింది.

మంగళవారం సాయంత్రం కాపడం పెడుతున్నాను. వేడినీళ్ళ సంచి భుజం మీద అదుముతుంటే అక్క కళ్ళు మూసుకుని మాట్లాడుతోంది.

"సోమవారం వచ్చిందంటే ఇక ఈ పెట్టె పీడ విరగడ. ఆ గోడ పక్క సీసాల గొడవ కూడా ఉండదు."

"గోడ పక్క సీసాలేంటి?"

"అదేనే, ఐసుపెట్టెలో మధ్యలో ఉన్నవి చల్లగా ఉంటాయి. గోడకు ఆనుకున్నవి త్వరగా వెచ్చబడతాయి. మా మూత ఒక మూల సరిగ్గా పట్టదు కదా, ఆ మూలవైతే మరీను. అందుకే ఆ మూలవి ముందు వాడేస్తాను. మూత మీది థర్మామీటరు ఏం చెప్పినా నేను నమ్మను. అది మధ్యలో కొలిచి చెప్తుంది. మూలసంగతి దానికేం తెలుసు?"

నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమే, నిద్రపోయావా?"

"లేదక్కా."

నా మనసంతా మా వేడిపెట్టె దగ్గరికి పోయింది. దాని మూత కూడా ఒక మూల సరిగ్గా పట్టదు. రబ్బరు అరిగిపోయి ఏడాదైంది. గట్టిపిండం ఉన్నది ఆ మూలే.

మా గదిలో పాత కట్టుబాటు ఒకటుంది. పలక అంచు గుంటల్లో ఎప్పుడూ నీళ్ళే పోయాలి, అసలు సరుకు మధ్యలోనే ఉండాలి. అంచుల్లో వేడి నిలకడగా ఉండదు. ఇరవై ఏళ్ళ క్రితం నేను చేరినరోజు పెద్దాయన నాకు చెప్పిన మొదటి మాట అదే. అయితే అంచులు వదిలేస్తే మిగిలేవి అరవై గుంటలు. అసలు ముల్లు ఒకటి, మార్చినవి నలభై ఏడు, ఒక్కోదానికి రెండు గుంటలు చొప్పున తొంభై ఆరు కావాలి. అంటే రోజుకు రెండు పలకలు. అంచులు కూడా నింపేస్తే ఒకటే పలక, ఒక గంట మిగులుతుంది. ఎనిమిది నెలల క్రితం నేనే ఆ నిర్ణయం తీసుకున్నాను. ఏ గుంటలో ఏది పోయాలో కాగితం మీద గీసి గోడకు అంటించాను. వరసగా పోసుకుంటూ పోతే చివరి మూల చివరి అంకెకే వస్తుంది. మూడుసార్లూ అదే కాగితం చూసి పోశాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, మూడుసార్లూ అదే తప్పును అంతే నమ్మకంగా చేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను, పట్టింది. అలసిన ఒళ్ళు ఏ కబురుకూ ఆగదు.

పొద్దున్నే వెళ్ళి, సన్నటి తీగ ఉన్న థర్మామీటరు ఆ మూల గుంటలో పెట్టాను. పెట్టె అద్దం మీద యాభై ఆరు డిగ్రీలని ఉంది. మూలలో యాభై ఒకటి. పక్క గుంటలో యాభై మూడు, పై గుంటలో యాభై మూడు. ఆ గుంటలు నలభై ఆరోదానివి, నలభై ఒకటోదానివి. పువ్వూ లేదు, వాసనా లేదు. మూడూ ఒకే చలిలో కూర్చున్న చుట్టాలు.

అయినా మనిషి ఆశ చావదు. చల్లటి మూలలో కూర్చున్నంత మాత్రాన గట్టిది కాకుండా పోదు కదా అనుకున్నాను. స్థలాలు మార్చి పోశాను. గట్టిపిండాన్ని నడిమధ్యన, ఏ మార్పూ చేయని అసలు ముల్లును ఆ మూలలో. చుట్టూ మిగతా అంచులకు నీళ్ళు. అరగంట వేడి, తర్వాత ఎర్రకణాలు, తర్వాత ముప్పావు గంట ఎదురుచూపు. ఆ ముప్పావు గంటా నేను గిన్నెలూ గాజుగొట్టాలూ కడుగుతూ గడిపాను. కడిగినవే కడిగాను.

మధ్యలో రెండు బొట్లు. చక్కగా, గుండ్రంగా, ఎవరో పెట్టినట్టు. మూలలో అసలు ముల్లు ఎర్ర పొర పరుచుకుని దర్జాగా కూర్చుంది. మూలన పెడితే ఎవరైనా గట్టిపిండమే. ఇంకోసారి చేశాను. అంతే.

కూర్చుని ఏడ్చాను. మూడేళ్ళ పని పోయినందుకు కాదు. నాకు ఆ గుడ్డసంచే కళ్ళముందు మెదిలింది.

ఏడుపు తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, అది కూడా చెప్పాలి. ఈ పలక సంగతి నాకొక్కదానికే తెలుసు. సోమవారం దాటిపోతే ఫారాల్లో టీకా పని చేయకపోవడానికి సవాలక్ష కారణాలు దొరుకుతాయి. కోళ్ళకు ముందే జబ్బు ఉందనవచ్చు, దాణా మంచిది కాదనవచ్చు. వేసిన మనిషికి చేతకాలేదనవచ్చు. ఆ చివరి కారణం దగ్గర ఆలోచన ఆగిపోయింది. వేసిన మనిషి మా అక్క. కోళ్ళు చస్తే ఫారాల వాళ్ళు వచ్చి నిలదీసేది నన్ను కాదు, పద్దెనిమిదేళ్ళుగా వాళ్ళు నమ్మిన మనిషిని.

పలక పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళాను. శుక్రవారం ఆయన రిటైరవుతున్నాడు. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. ఆయన సన్మానంలో చెప్పబోయే ముఖ్యమైన సంగతి గట్టిపిండమేనని అందరికీ తెలుసు.

"సార్, ఇది చూడండి."

కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగుకు పట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఈ బొట్లు ఎవరివి?"

"నలభై ఏడోదానివి."

"ఆ మూలది?"

"అసలుది. ఏమీ మార్చనిది."

"ఎన్నిసార్లు చేశావు?"

"రెండుసార్లు. మూలలో అయిదు డిగ్రీలు తక్కువుంది సార్. తప్పు నాది. అంచుల్లో నీళ్ళు పోయడం నేనే మానేశాను."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, నేనూ తిరిగి అరిచేదాన్ని. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, అది కాస్త ఖర్చయ్యేది. ఆయన అట్టపెట్టె మీదే కూలబడ్డాడు.

"నువ్వు గోడకు అంటించిన కాగితం ముందు నిలబడే రోజూ టీ తాగాను. అంచులు నిండి ఉండటం నాకు కనపడలేదనుకున్నావా?"

"మరి చెప్పలేదేం సార్?"

"చూసేటప్పటికే నీ గట్టిపిండం పుట్టేసింది. ముద్దొచ్చే పిల్లను పట్టుకుని వంకలు వెతకడం ఎందుకులే అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు అందరికీ చెప్పిన మాట, నా వంతు వచ్చేసరికి మింగేశాను."

బయట ఎవరో కుర్చీలు వరసగా వేస్తున్నారు, శుక్రవారం కోసం.

"శుక్రవారం దాకా ఆగుదామా?" అన్నాడు. అడిగింది నన్నో తననో తెలియలేదు. "నేను పోయాక చెప్పొచ్చు. నాకు ఒక పూట గౌరవం మిగులుతుంది."

నాకు జాలేసింది. కాదనడానికి నోరు రాదనుకున్నాను. కానీ వచ్చింది.

"సీసాలు రేపు మధ్యాహ్నం బయల్దేరతాయి సార్. మా అక్క వేయాలి వాటిని."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. అక్క ఆయనకు తెలుసు, మా పరీక్షలకు కోడి రక్తం తెచ్చేది అదే. ఫోను అందుకుని పైవాళ్ళకు నా ముందే చెప్పాడు. తప్పు మా గదిది అన్నాడు, నా పేరు చెప్పలేదు. సీసాలు ఆపమన్నాడు. పాత టీకానే పంపమన్నాడు, ఐసుతో. అవతలివాళ్ళు ఏదో అరుస్తుంటే ఫోను చెవికి దూరంగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పెట్టేశాక, "నలభై ఎనిమిదోది మొదలుపెట్టు. అంచుల్లో నీళ్ళు పొయ్యి" అన్నాడు. మళ్ళీ పుస్తకాలు సర్దుకోవడంలో పడ్డాడు.

ఆ రోజు ఆరు దాటాక ఇల్లు చేరాను. అక్క గుమ్మంలోనే ఉంది.

"ఇంత ఆలస్యమైందేం? భుజం సలుపుతోంది, నీళ్ళు కూడా పొయ్యి మీద పెట్టాను."

చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. గట్టిపిండం లేదు, అంతా ఆ మూల చలి, నువ్వు నిన్న చెప్పిన గోడ పక్క సీసాల మాటతోనే పట్టుకున్నాను, సోమవారం పాత టీకానే, ఐసు పెట్టెలోనే. ఒక్క ఊపిరిలో అంతా కక్కేశాను.

అక్క కుర్చీలో కూర్చుంది. మొదట అడిగింది నేను ఊహించింది కాదు.

"మీ కొత్త సీసాలే వేసి ఉంటే?"

"నీళ్ళు పొడిచినట్టే. జబ్బు తగిలిన ఫారమల్లా ఊడ్చుకుపోయేది."

"నా చేత్తో," అంది. కాసేపు ఆ చేతినే చూసుకుంది. "పోనీలే. ఆపావు కదా."

"నామీద కోపం లేదా?"

"ఉంది. ఇన్నేళ్ళ చదువు, ఆ అంచుల్లో నీళ్ళు పోయడానికేం రోగమే నీకు?"

"రోజుకు ఒక గంట మిగులుతుందని."

"ఆ గంటతో ఏం చేసేదానివి?"

పొయ్యి మీద కాపడానికి పెట్టిన నీళ్ళు మరుగుతున్నాయి, వెళ్ళి మంట ఆపాను. తిరిగి వచ్చేసరికి అక్క మొహం మారిపోయింది. ఎనిమిది నెలలుగా నేను ఐదింటికల్లా ఇంటికి ఎందుకు చేరుతున్నానో లెక్క కట్టుకున్నట్టుంది.

"ఓసి పిచ్చిదానా!" అంది. తిట్టినట్టే అంది.

తర్వాత లేచి, ఎడమ చేత్తోనే ఐసుపెట్టెను బోర్లించింది. ఉల్లిపాయలు గదంతా దొర్లాయి. ఒకటి మంచం కిందికి పోయింది. అక్క పెట్టెను కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి సబ్బుతో కడిగింది. ఉల్లి వాసన అంత తేలిగ్గా పోదు. రెండుసార్లు కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగింది. నేను కూర్చుని గుడ్డసంచికి కుట్టిన పట్టీని బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పాను. అరల్లో సీసాలు పెట్టి చూసుకున్న గుర్తులు కూడా లేవు, సంచి ఇంకా కొత్తదే.

సూదిలో దారం ఎక్కించి పెట్టె ముందు కూర్చున్నాను. పట్టీ పాత పొడవే పెట్టి ఒక కొస కుట్టబోతుంటే అక్క ఆపింది.

"అలా కాదే. అది కుడి భుజం కొలత." నిటారుగా నిలబడి, ఎడమ భుజం నా ముందుకు పెట్టింది. "ఇక దీని వంతు. కొలుచుకో."

కొలుచుకున్నాను.